టేపు వేసిన స్విచ్చు

వహీదున్నీసా చీపురును తలుపు వెనక ఆనించి, తడిచేతిని కొంగుకు తుడుచుకుంటూ స్విచ్చుబోర్డు దగ్గరికి నడిచింది. మసీదు మైకు అప్పుడే గరగరమంది. తెల్లవారుజాము ఫజర్ అజాన్ మొదలయ్యేలోగా ముందుగదిలో వెలిగే చుక్కలన్నీ ఆరిపోవాలి. టీవీ కింద ఎర్రది, స్పీకర్ల మీద నీలిది, కంప్యూటరు తెర మూలన పసుపుది. అన్నిటి వైర్లూ ఒకే పొడుగాటి బోర్డులోకి పోతాయి. ఆ బోర్డు ప్రాణం గోడ మీది ఒక్క స్విచ్చులో ఉంది. ఆమె బొటనవేలితో నొక్కింది. చుక్కలు ఒకదాని వెనక ఒకటి కళ్లు మూసుకున్నాయి. అప్పుడు తల మీద కొంగు సర్దుకుని నిలబడింది.

"అల్లా పిలిచేటప్పుడు ఏ పెట్టె కన్నూ తెరుసుకోని ఉండగూడదు" అంటుంది, ఎవరైనా అడిగితే. ఇంట్లో ఎవరూ అడగరు. అజాన్ వినబడితే టీవీ ఆపెయ్యడం వీధిలో అందరికీ ఉన్నదే. గోడ దగ్గరే కరెంటు తీసెయ్యడం మాత్రం ఈమె ఒక్కతెకే.

నమాజు అయ్యాక ఆమె టీ కాచి తెచ్చేసరికి కూతురు తరన్నుమ్ మళ్లీ స్విచ్చు వేసి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఫ్యాను తిరిగింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చి ఆగాయి. తరన్నుమ్ చూడకుండానే ఒక మీట నొక్కి వాటిని దాటేసింది. తర్వాత తేదీ దిద్దుకుంది.

"ఈ పొద్దు ఏ సంవత్సరం సెప్తా ఉండాది నీ డబ్బా?"

"నేను సిన్నబడిలో ఉన్నప్పటిది, అమ్మీ."

"దాని వయసు వెనక్కి పోతా ఉండాది. నాకూ అట్లాంటి మీట ఒకటి పెట్టించకూడదా?"

లోపల గుండీ అంత సెల్లు ఒకటి ఉంటుందనీ, అది చచ్చిపోయిందనీ, అందుకే గోడ దగ్గర కరెంటు తీసినప్పుడల్లా యంత్రం తేదీతో సహా తనకు చెప్పిపెట్టినవన్నీ మరిచిపోతుందనీ తరన్నుమ్ ఒకసారి చెప్పింది. వహీదున్నీసాకు ఆ మాట బాగా నచ్చింది. పొద్దున లేస్తూనే నిన్నటిది ఏదీ గుర్తుండని పెట్టె!

తెర మీద నెమలి పరుచుకుంది. తరన్నుమ్ చేసేది పంచింగ్. జాకెట్ల మీద పూలు కుట్టే కంప్యూటరు మిషన్లకు సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ రంగు మారాలో కుట్టుకుట్టుకూ ముందే గీసి ఇచ్చే పని. దూరం నుంచి చూస్తే నెమలి. దగ్గరికి జరిపితే నెమలి పోయి సన్నటి గీతలు మిగులుతాయి, నాటిన మడిలో వరిదుబ్బుల వరుసల్లాగా. వహీదున్నీసా గ్లాసు చల్లారేదాకా ఆ వరుసలు చూస్తూ నిలబడేది.

సూళ్లూరుపేట స్టేషన్ దగ్గర ప్రసన్నకుమారికి ఆ మిషన్ల షెడ్డు ఉంది. చెన్నై అంగళ్లకు పెళ్లిజాకెట్లు అక్కడినుంచే పోతాయి. షెడ్డులో పంచింగ్ కుర్చీ ఒకటి ఖాళీ అయింది. తరన్నుమ్‌నూ, మోహన అనే ఇంకో అమ్మాయినీ పిలిచి ప్రసన్నకుమారి ఒకే పని అప్పజెప్పింది, ఈ నెమలి. "శుక్రవారం మధ్యాహ్నం, మీ జుమ్మా అజాన్ లోపల పంపించెయ్యాల. చెన్నైవాళ్లు ఆ పొద్దే వస్తా ఉండారు. ఎవురిది నచ్చితే వాళ్లకే కుర్సీ. నన్ను తిట్టుకోవద్దు."

తండ్రి ఫకృద్దీన్ కూడా తన మాట చెప్పేశాడు. ఆయనది బజారులో దర్జీకొట్టు. "కుర్సీ వస్తే పో, నేనేం అడ్డం పడను. రాకుంటే ఈ గీతలు సాలించి మన కొట్లో తెర వెనక కూసోని కాజాలు కుట్టు. ఎట్లా కళ్లు పోగొట్టుకునేదానివే, మన పనిలోనే పోగొట్టుకో." నవ్వుతూ అన్నాడు. కానీ ఆయన నవ్వుతూ అన్న మాటలు తిరగవని ఇంట్లో అందరికీ తెలుసు.

సాయంత్రం కంపెనీ బస్సు దిగి తరన్నుమ్ అన్న షాకిర్ వచ్చాడు. ఫోన్లకు అద్దాలు అతికించే కంపెనీలో పని అతనికి. చొక్కా మార్చుకుంటూనే కంప్యూటరు పక్కరేకు ఊడదీశాడు.

"లెయ్ తరన్నుమ్. నీ డబ్బాని గుర్రం సేసిపెడతా."

"బాగానే పోతా ఉండాది భయ్యా. శుక్రవారం దాంకా దాని జోలికి పోవద్దు."

"నీ కోసమే గదా మే! ఆ నెమలి ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిరిగేలోపల నాకు కునుకొస్తాది."

అతను సాయంత్రాలు ఆడే తుపాకుల ఆటకు కూడా ఆ గుర్రం కావాలన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. తెర నీలంగా మారింది. వరసగా అంకెలు. షాకిర్ ఒక అంకె పెంచాడు, దాని కింద ఇంకోటి పెంచాడు.

"ఓవర్‌క్లాకింగ్ అంటారు అబ్బా. ప్రాసెసర్‌కి ఇంత వేగం సాలని కంపెనీవాడు కట్టేసి ఇస్తాడు. మనం ఆ కట్టు ఇప్పి జాస్తి తోలుకోవచ్చు. దానికి తగ్గట్టు కరెంటు కొంచెం పెంచితే సరి."

ఫకృద్దీన్ పళ్ల మధ్య దారం పెట్టుకుని వింటున్నాడు. "మన మిషనుకి పెద్ద మోటారు బిగించినట్లా?"

"అట్లే."

"దారం తెగదా?"

అందరూ నవ్వారు. షాకిర్ గట్టిగా నవ్వాడు. "దారం నేను సూసుకుంటాలే అబ్బా."

యంత్రం ఆగి మళ్లీ లేచింది. నెమలి ఇట్టే తిరిగింది. ఫకృద్దీన్ వాకిట్లోకి వెళ్లి పక్కింటి సల్మాను పిలిచాడు. "రామ్మా, మావోడు సేసింది సూద్దువు." సల్మా వచ్చి ముక్కు మీద వేలేసుకుంది. "నీది అదృష్టం తరన్నుమ్. మావోడు నా ఫోనుకి చార్జింగు కూడా పెట్టడు." తరన్నుమ్ నవ్వింది. నవ్వుతూనే తన ఫైలు భద్రంగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది.

వహీదున్నీసా మాత్రం మొగుడి మొహం చూస్తోంది. కొడుకు పేరు ఆ నోట్లోంచి అంత మెత్తగా రావడం ఆమె ఈ మధ్యకాలంలో వినలేదు.

మర్నాడు ఫజరుకు ఆమె మామూలుగానే స్విచ్చు తీసింది. తరన్నుమ్ వేసేసరికి యంత్రం అన్నీ మరిచిపోయి, పాత తేదీతో, పాత నడకతో లేచింది. తరన్నుమ్ ఎవరికీ ఏమీ చెప్పకుండా మీట నొక్కి పనిలో పడింది. సాయంత్రం షాకిర్ వచ్చి తన అంకెలు పోయాయని చూసి గొణుక్కుంటూ మళ్లీ పెట్టాడు, ముందుకన్నా కొంచెం ఎక్కువే. ఆ మర్నాడు అవీ పోయాయి.

*

"ఎవురు తీస్తా ఉండేది ఈ స్విచ్చి?"

బుధవారం సాయంత్రం షాకిర్ అడిగాడు. వంటింట్లో రొయ్యలు వలుస్తున్న వహీదున్నీసా తడిచేతులు పైకి పట్టుకునే వచ్చింది. "నేనే. అజాన్ వేళకి."

"అందుకే! నేను పెట్టేది, నువ్వు తుడిసేది. దానికి సెల్లు లేదు అమ్మీ, కరెంటు తీస్తే అంతా పోతాది. రోజూ తీసి వేస్తా ఉంటే బోర్డు కూడా పోతాది."

ఫకృద్దీన్ కత్తెర కింద పెట్టాడు. "ఏమే, సదువు లేకపోతే పొయ్యె, బుద్ధి ఉండాల గదా. పిల్లోడు పగలంతా కంపెనీలో నిలబడి వచ్చి, సెల్లెలి కోసం ఇంత సేస్తా ఉంటే, నువ్వు పొద్దున్నే లేసి పీకేస్తా ఉండావా?"

"అబ్బా, పొద్దున నాకు బాగానే…" అంది తరన్నుమ్.

"నువ్వు ఊరుకో."

రొయ్యల నీళ్లు వహీదున్నీసా మోచేతుల మీదుగా కారి గచ్చు మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. ఆమె వాటిని కాలి బొటనవేలితో రాసింది.

షాకిర్ జేబులోంచి కొత్త సెల్లు తీసి పాతదాని చోట పెట్టాడు. అంకెలు మళ్లీ పెంచాడు, నిన్నటికన్నా ఇంకొంచెం ఎక్కువే. గోడస్విచ్చు మీద నల్లటేపు అడ్డంగా అంటించి, అంచులు ఊడిరాకుండా గోటితో నున్నగా రుద్దాడు. తండ్రి ఇస్త్రీమడత రుద్దినట్టే రుద్దాడు. "కోపం కాదు అమ్మీ. మరిసిపోయి నొక్కేస్తావని."

"సరే నాయనా" అంది వహీదున్నీసా.

గురువారం ఫజరుకు ఆమె బోర్డు ముందు చేయి ఎత్తి, టేపు తగలగానే దించుకుంది. మైకు గరగరమంది. చుక్కలు మూడూ ఆమెనే చూస్తున్నాయి. ఆమె పరుగున పోయి దండెం మీది తువ్వాలు, తన పాత దుపట్టా, తరన్నుమ్ ఓణీ తెచ్చి ఒక్కోదాని మీద ఒకటి కప్పింది. నమాజు చేస్తున్నంతసేపూ వీపు మీద ఏదో చూస్తున్నట్టే ఉంది.

తెల్లారాక తరన్నుమ్ మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. టిక్కుమని ఆగింది. మళ్లీ తిరిగి మళ్లీ ఆగింది. తెర నల్లగానే ఉండిపోయింది. తెల్లటి అక్షరాలు కూడా రాలేదు.

"ఏమైంది మే?"

"తెలీదు అమ్మీ."

ఆ రోజునుంచి షాకిర్‌కు రాత్రి షిఫ్టు. పగలంతా దాని ముందే కూర్చున్నాడు. ర్యాము పలకలు పెరికి వాటి పసుపు పళ్లను రబ్బరుతో రుద్దాడు. స్నేహితుడు దావూద్ ఇంటినుంచి వేరే కరెంటు డబ్బా తెచ్చి తగిలించాడు. ఫ్యానులో దుమ్ము ఊదాడు. సాంబ్రాణి పొగ పట్టిందేమోనని వాసన చూశాడు. మీట నొక్కడం, ఆగడం, నొక్కడం. మధ్యాహ్నం దాటాక ఒక్కసారి పట్టుకుంది. "సూసినారా!" అని అరిచాడు. తరన్నుమ్ గబగబా కూర్చుని నెమలి మెడ దాకా వచ్చింది. తోక మొదలుపెడుతుండగా తెర అట్లాగే బిగుసుకుని, నల్లబడింది. ఇక లేవలేదు.

సాయంత్రం ఫకృద్దీన్ అడిగితే షాకిర్ తల ఎత్తకుండా చెప్పాడు. "ఇన్ని రోజులు తీసి వేసి, తీసి వేసి, బోర్డు బలహీనపడిపోయింది అబ్బా."

ఫకృద్దీన్ పెళ్లాం వైపు చూశాడు. కత్తెర తీసుకుని గుడ్డ మీదికి వంగాడు. తిట్టినా బాగుండేది.

వహీదున్నీసా కూతురి పక్కన కూలబడింది. "నా సెయ్యే పాడుసేసింది బేటీ."

"నువ్వు కాదులే అమ్మీ" అంది తరన్నుమ్. కానీ ఆమె తల్లివైపు చూడటం లేదు. గోడ మీది నల్లటేపును చూస్తోంది.

మబ్బు కమ్ముతోందని వహీదున్నీసా పెరట్లోకి బట్టలు తియ్యడానికి వెళ్లింది. దుప్పటి అవతల షాకిర్ గొంతు. ఫోనులో మాట్లాడుతున్నాడు.

"ర్యాము కాదు దావూద్. నేనే జాస్తి పెట్టేసినా. వేడి మీద ఉంటే నడస్తాది, సల్లబడితే ఎత్తుకోలేకపోతా ఉండాది… అవును, ఆ సెల్లు ఒకసారి పెరికి పెడితే అంతా మొదటికొస్తాది, తెలుసు నాకు. ఇప్పుడు ఎట్ల సెప్పేదిరా? మా అబ్బా వీధంతా సెప్పుకున్నాడు."

దుప్పటి జారింది. తల్లీ కొడుకూ ఎదురెదురుగా నిలబడ్డారు.

షాకిర్ ఫోను దించాడు. "అబ్బాకి సెప్పొద్దు అమ్మీ. మళ్లీ మొదలుపెడతాడు, పనికిమాలినోడా అని. పొద్దున షిఫ్టునుంచి వస్తూనే సరిసేసేస్తా. సిటికెలో పని. తరన్నుమ్‌కి టైము ఉంటాది." వీధి చివర కంపెనీ బస్సు హారన్ కొట్టింది. "అమ్మీ?"

ఆమె తల ఊపింది.

అతను వెళ్లాక బట్టలు గుండెకు హత్తుకుని కాసేపు అక్కడే నిలబడింది. ముందు ఒళ్లు తేలికైంది, తన చేయి కాదని. ఆ వెనకే, సల్మాను పిలుస్తూ వాకిట్లోకి నడిచిన మొగుడి మొహం గుర్తొచ్చింది. పొద్దునకి సరిసేస్తానన్నాడు గదా అనుకుంది. లోపలికి వచ్చి బట్టలు మడతపెట్టింది. తరన్నుమ్ ఓణీని అందరివాటికన్నా నున్నగా మడిచింది.

*

శుక్రవారం పొద్దున షాకిర్ కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చాడు. తరన్నుమ్ కుర్చీలోంచి లేచింది.

"నాస్తా సేసి సూస్తా" అన్నాడు. రెండు దోసెలు తిన్నాడు. "కొంచెం నడుము వాలుస్తా" అన్నాడు. తల దిండుకు తగలకముందే నిద్రపోయాడు.

వహీదున్నీసా గదిలో ఫ్యాను వేగం పెంచింది. కిటికీకి దుప్పటి కట్టింది.

తరన్నుమ్ మీట నొక్కుతూనే ఉంది. ఫ్యాను తిరగడం, టిక్కుమనడం. అన్న నిద్ర చెడుతుందని ఆ చప్పుడు వినపడకుండా పక్కరేకు మీద అరచెయ్యి పెట్టింది. ప్రసన్నకుమారి ఫోను చేసింది. "తోక ఒక్కటే అక్కా. పంపించేస్తా" అంది తరన్నుమ్.

"అమ్మీ, భయ్యాని లేపు."

"రాత్రంతా నిలబడి వచ్చినాడు మే. ఇంక కొంచెంసేపు."

వహీదున్నీసా గదిలోకి వెళ్లింది. కొడుకు నోరు తెరుచుకుని, చిన్నప్పటిలాగా ఒక చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్నాడు. అద్దాలు అతికించే మందు వేళ్ల చివర పొలుసులు పొలుసులుగా ఎండింది. ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి దోమను తోలినట్టు గాలిలో ఊపింది. బయటికి వచ్చి బియ్యం కడిగింది. మళ్లీ వెళ్లింది. దుప్పటి సర్ది వచ్చేసింది.

ముందుగదిలో తరన్నుమ్ గోడ ముందు నేల మీద కూర్చుని ఉంది.

"అమ్మీ, నువ్వు స్విచ్చి తీసినన్ని రోజులూ అది లేసింది. టేపు వేసిన పొద్దున లేవలా."

వహీదున్నీసా బియ్యం కడిగిన చేతులు కొంగుకు తుడుచుకుంది.

తరన్నుమ్ టేపు పీకింది. సున్నం కొంచెం ఊడి వచ్చింది. స్విచ్చు తీసింది, కాసేపు ఆగి వేసింది, మీట నొక్కింది. తిరిగింది, ఆగింది. నల్లతెర.

ఆమె మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది. వహీదున్నీసా గడపలో నిలబడి చూస్తోంది. సెల్లు అన్న ఒక్క మాట ఆమె గొంతులో ఉంది. నాలుక దాకా వస్తోంది. గదిలో కొడుకు ఒత్తిగిల్లాడు. మాట వెనక్కి పోయింది. తప్పిపోయిన వస్తువును తన కొంగులో కట్టుకుని, దానికోసం బిడ్డ ఇల్లంతా వెతుకుతుంటే చూస్తున్నట్టుంది ఆమెకు.

"టేపు ఒక్కటే కాదు" అంది తరన్నుమ్, తనలో తను. "ఆ పొద్దే ఇంకోటి కూడా మారింది."

నాయన కుట్టుమిషను స్క్రూడ్రైవరు తెచ్చి పక్కరేకు విప్పింది. గోడ దగ్గర కరెంటు తీసి, సూదిమొనతో కొత్త సెల్లును పైకి లేపి తీసింది. కరెంటు లేకుండానే మీట కాసేపు నొక్కిపట్టింది. సెల్లును అరచేతిలో దొర్లించుకుంటూ కూర్చుంది. తర్వాత దాన్ని మళ్లీ పెట్టి స్విచ్చు వేసింది.

ఫ్యాను తిరిగింది. ఆగలేదు. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. తేదీ వెనక్కి, ఎప్పటిదో సంవత్సరానికి పోయింది.

తరన్నుమ్ లేచి వచ్చి తల్లి కుడిచెయ్యి పట్టుకుంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వింది. "నీ సెయ్యే అమ్మీ! భయ్యా ఎక్కించిందంతా రోజూ పొద్దున నువ్వు దించేస్తా ఉన్నావు. అందుకే నాకు నడిసింది. టేపు వేసి, కొత్త సెల్లు పెట్టి, ఆ బరువు దాని నెత్తినే నిలిపేసినారు." తల్లి బొటనవేలిని ముద్దు పెట్టుకుంది.

వహీదున్నీసా చెయ్యి వెనక్కి తీసుకుంది. "పొయ్యి మీద అన్నం" అంది.

తరన్నుమ్ కుర్చీలోకి దూకింది. నెమలి విచ్చుకుంది. తోకలో మొదటి కన్ను గీస్తుండగా ఫోను మోగింది. ప్రసన్నకుమారి గొంతు గదంతా వినపడింది. "వాళ్లు ముందు రైలుకే వచ్చేసినారమ్మా. మోహనది సూపించేసినా, నచ్చింది. తోక లేని నెమలిని ఏమని సూపించేది సెప్పు? ఏమీ అనుకోవద్దు."

"సరే అక్కా" అంది తరన్నుమ్.

జుమ్మాకు స్నానం చెయ్యాలని ఫకృద్దీన్ కొట్టు మూసి వచ్చాడు. వెలుగుతున్న తెర చూసి మొహం విప్పారింది. "భలేరా షాకిర్! సరిసేసినావా?"

షాకిర్ కళ్లు నులుముకుంటూ గడపలోకి వచ్చాడు.

"భయ్యా కాదు అబ్బా, నేను" అంది తరన్నుమ్. "వేగం తీసేస్తే లేసింది. నువ్వు మొదటి రోజే అన్నావు గదా, దారం తెగదా అని. దారమే తెగింది. కుర్సీ మోహనకి పోయింది."

ఫకృద్దీన్ కొడుకు వైపు తిరిగాడు. ఆ చూపు వహీదున్నీసాకు తెలుసు. షాకిర్‌కూ తెలుసు.

"నాకు తెలీదా ఏంది?" అన్నాడు షాకిర్ గబగబా. "నిన్ననే అమ్మీకి సెప్పినా, సెల్లు పెరికితే సరిపోతాదని. లేపుంటే సిటికెలో పని. అమ్మీనే లేపలా."

వంటింట్లో అన్నం పొంగి పొయ్యి మీద చుయ్యిమంది.

"ఏమే?" అన్నాడు ఫకృద్దీన్.

"రాత్రంతా నిలబడి వచ్చినాడని…" అంది వహీదున్నీసా.

ఫకృద్దీన్ చొక్కా గుండీలు విప్పుకుంటూ స్నానాలగది వైపు నడిచాడు. "సరే, అయిందేదో అయింది. ఈద్ జాకెట్లు కుప్పగా పడి ఉండాయి. రేపటినుంచి కొట్టుకి రా తరన్నుమ్, కాజాలన్నీ నీవే."

తరన్నుమ్ తల్లి మొహం చూడలేదు. తల్లి కుడిచేతిని చూస్తోంది. ఇందాక తను ముద్దు పెట్టుకున్న బొటనవేలిని చూస్తోంది. వహీదున్నీసా ఆ వేలిని మిగతా వేళ్లలో దాచుకుంది.

మసీదు మైకు గరగరమంది. అజాన్ మొదలైంది. స్విచ్చుబోర్డు చేతికందే దూరంలోనే ఉంది, టేపు లేకుండా. వహీదున్నీసా చెయ్యి లేవలేదు.

తరన్నుమ్ కుర్చీ లోపలికి జరిపింది. గోడ దగ్గరికి వచ్చి, తల్లి పక్కనే నిలబడి, బొటనవేలితో స్విచ్చు నొక్కింది. తెర నల్లబడింది. చుక్కలు ఒకదాని వెనక ఒకటి ఆరిపోయాయి. దండెం మీద నున్నగా మడిచి ఉన్న ఓణీ తీసి, విదిలించి తలమీద వేసుకుంది. గడపలో చెప్పులు తొడుక్కుంది. వహీదున్నీసా "బేటీ" అన్నది, అనుకున్నంత గట్టిగా రాలేదు. తరన్నుమ్ వాకిలి దిగి, బజారు ఉన్న వైపు కాకుండా స్టేషన్ ఉన్న రెండో వైపు తిరిగి వెళ్లిపోయింది.